బక్కోడి థ్యాంక్స్

"మీ బాబాయ్ బక్కోడు నా షెడ్డు పక్క స్థలం రాయించుకుని, ఒట్టి థ్యాంక్స్ మొహాన కొట్టి, ఏడాది తిరక్కుండా చచ్చాడు," అన్నాడు వడ్రంగి, చిత్రిక పడుతూ.

ఇంగ్లీషు పాఠాలు చెప్పే కూతురు నవ్వింది. "ఒట్టిది కాదు నాన్నా. పూర్వం ఆ మాటకి తలపు అని అర్థం. నిన్ను మనసులో పెట్టుకుంటానని."

"పోయినోడికి మనసెక్కడిదే?"

గోడ అవతల, తాళం వేసిన తమ్ముడి షెడ్డులో, చిత్రికను బల్లకేసి రెండుసార్లు తట్టిన చప్పుడైంది.

"ఎవరు నాన్నా అది?"

"రోజూ ఇదే వేళకి. చెక్కపొట్టు దులపడానికి రెండు దెబ్బలు కొట్టేది వాడొక్కడే."

"మరి నువ్వెప్పుడూ పలకలేదా?"

 వడ్రంగి తన చిత్రికను బల్లకేసి రెండుసార్లు తట్టాడు.

"ఉంచుకోరా బక్కోడా. నూట పద్దెనిమిది గజాలేగా."