రాజీ కూడు

కర్నూలులో ఓ అపార్ట్‌మెంటు. రంజాన్ నెలలో వచ్చిన గుడ్‌ఫ్రైడే. మధ్యాహ్నం ఆరాధన ముగించుకుని చర్చి నుంచి వచ్చిన కృపమణి ఇంకా తాళం తీయనేలేదు, అపార్ట్‌మెంటు సంఘం పెద్ద హుసేనప్ప క్యారియర్‌తో ఎదురొచ్చాడు.

"పట్టుకో అక్కా, బిల్డర్ పంపించినాడు. పంచాయితీ తెగిపాయ."

"ఎట్ల తెగె?"

"ముందర గోడకుండే ఆ మెరుపు రేకులు పీకేయాల్సిందేనని ఫైరాఫీసోళ్లు అన్యారు కదా. ఆ ఖర్చు ఇంటింటికీ ఏసుకుంటాం."

"నిప్పు తగిల్తే కిరసనాయిలు మాదిరి మండే రేకులు అతికిచ్చింది ఆయప్ప. పీకే ఖర్చు మనదా?"

"అందరూ ఒప్పుకున్యారు."

"నేను ఒప్పుకోలే. ఈ ఇంటికోసం నందికొట్కూరు కాడ చేను అమ్మినా. ఇంక అమ్మాలంటే ఈ ఇల్లే. రేకులుండే ఇల్లు ఎవరు కొంటారప్పా?"

"అట్లంటే ఎట్లక్కా. పెద్దమనుషుల ముందర అందరూ ఒకే బంతిన కూచోని భోంచేసిరి. రాజీ కూడు తిన్యాక మళ్లా నోరెత్తకూడదు. మన కట్టుబాటు నీకు తెల్దా?"

"తెలుసు. అందుకే అడుగుతాండా. ఎవరెవరు తినిరి?"

"అందరూ."

"కింది ఇంటి లేవి వాళ్లు నాతోనే చర్చిలో ఉండిరి. ఉపాసం."

"వాళ్లకీ క్యారియర్లు పోతాండాయి."

"ఇంటికి కూడు పంపి నోరు కట్టేస్తాడా? బాగుండాది. పక్కింటి మాబూబీ తినిందా?"

"మాబూబీ... రాలే."

"రోజా ఉపాసముండేది యాడొస్తాది. నువ్వూ రోజానే కదా, మరి పగటిపూట ఎట్ల తింటివి?"

"నేనా? నేను ఇస్తరాకు ముందర కూచున్యా."

"కూచునేదీ తినేదీ ఒకటేనా?"

"నా అంగడి ఆయప్ప కాంప్లెక్సులో ఉండాదక్కా. లేచొస్తే రేపే షట్టర్ దించుతాడు."

"దించుతాడు, కాదనలే. నీ పిల్లోళ్లు పండుకునే గది కిటికీ యాడుండాది?"

"ఇప్పుడదెందుకు?"

"యాడుండాది?"

"ఆ రేకుల్లోనే."

"సర్లే. ఒంటి దాన్ని, నాకేల ఈ కొట్లాట. ఇట్లియ్యి క్యారియర్. పొద్దు గుంకినాక తింటా, తెగిపోతాది."

"ఉండక్కా."

"ఇయ్యప్పా, ఎందుకట్ల పట్టుకున్యావు?"

"ఇయ్యను. తెచ్చింది తెచ్చినట్లే తీస్కపోయి ఆయప్ప ముందర పెడతా. నేనూ తినలేదని చెప్పేటప్పుడు, నువ్వొచ్చి నా పక్కన నిలబడు."