తరుగు ఫైలు

"మళ్ళీ అదే అంటోంది. ఈ పేరుతో మిషను లేదంట. లేకపోవటమేంటిరా?"

గుంటూరు మిర్చి యార్డు వెనక సందులో మేడమీద గది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నలభై రోజుల తర్వాత చీమకుర్తి నుంచి వచ్చిన శివనాగరాజు, భుజాన బ్యాగు కూడా దించకుండా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అతనూ ఇషాకూ కలిసి ఒక కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. సోమవారం నుంచి అక్కడికొచ్చే మిర్చి బస్తాలు, అదే టిక్కీలన్నీ దాని లెక్కలోనే లోపలికి పోవాలి. రాసేది మాత్రం ఈ లాప్‌టాప్‌లో కాదు, నెట్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో. ఇద్దరికీ చెరొకటి. అవి ఏ ఊళ్ళో ఉంటాయో ఇద్దరికీ తెలియదు. ఇవాళ శివనాగరాజుది తెరుచుకోవటం లేదు. ఎందుకో ఇషాక్‌కి తెలుసు. పొద్దున్నుంచీ ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేస్తున్నాడు.

"నెట్ చూడరా ఒకసారి."

"నెట్ బానే ఉంది. నీది తెరుచుకుంటోందిగా. నాదే తెరుచుకోవట్లా."

"పాస్‌వర్డ్ ఏమన్నా..."

"పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుద్ది. ఇది అసలు మిషనే లేదంటోంది. మూడుసార్లు కొట్టా."

"ముందు ఆ బ్యాగు దించు. అన్నం తిని చూద్దాం. నాన్నకెలా ఉంది?"

"లేచి కూర్చుంటున్నాడు. గ్రానైట్ పలక కాలి మీద పడ్డ మనిషి ఈ మాత్రం కూర్చోవటమే గొప్పన్నాడు డాక్టరు. అది సరే, అద్దెకిచ్చినోళ్ళకి ఫోన్ చేశావా?"

"వాళ్ళు ఫోన్లు తియ్యరు. చాట్‌లో రాయాలి."

"పొద్దున బస్సులో తెరుచుకోనప్పుడే నీకు చెప్పి, వాళ్ళకీ రాశా. ఇదిగో జవాబు. ముప్పై రోజులు వాడని మిషన్ల సంగతి ఖాతాదారుకి మెయిల్ పెడతారంట. ఖాతా ఎవరి పేరు మీదుంది?"

"నా పేరు మీదే."

"మరి మెయిల్ వచ్చిందా?"

"రోజుకి వంద వస్తాయి శివా."

"వచ్చిందా, రాలేదా?"

"పోతే పోయిందిలే. సాయంత్రానికి ఎవరి కోడు వాళ్ళు ఉమ్మడి చోట పెట్టాలనేగా మన రూలు. నీ పనంతా అక్కడుంటుంది. కొత్త మిషను తీసుకుని దించుకుంటే గంట పని."

"అంతా పెట్టలేదు."

"ఏది పెట్టలేదు?"

"ఏదో ఒక ముక్క. అవన్నీ నీకెందుకు? వాళ్ళ దగ్గర పాత కాపీ ఏమన్నా ఉందేమో అడుగు."

"ఉండదు. తీసేస్తే డిస్కుతో సహా పోద్ది."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావ్?"

ఇషాక్ లేచి కిటికీ మూశాడు. యార్డు నుంచి ఘాటు కొడుతోందన్నాడు.

"ఘాటు మనకి కొత్తా? ఇటు తిరుగు. ఆ ముక్క రాయటానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆస్పత్రిలో నాన్న మంచం పక్కన కూర్చుని కూడా దాని గురించే ఆలోచించా. సోమవారానికి అది ఉండి తీరాలి."

"దాని పేరు తరుగేనా?"

శివనాగరాజు అప్పుడు దించాడు బ్యాగు.

"నీకెట్లా తెలుసు?"

"నువ్వు ఊరెళ్ళిన మర్నాడు తూకం చీటీల ప్రింటు పనికని నీ మిషను తెరిచా. కావాలంటే తెరవమని నువ్వే చెప్పావు. అందులో 'తరుగు' అని ఒక ఫైలు కనపడింది."

"అయితే?"

"అయితే ఏంటి? నవంబర్‌లో కోల్డ్ స్టోరేజీ ఓనరు మనిద్దర్నీ కూర్చోబెట్టుకుని ఏమడిగాడు? నలభై ఐదు కిలోల టిక్కీ లోపలికి పోతే, బయటికొచ్చేటప్పుడు చీటీ మీద దానంతటదే నలభై మూడు పడాలన్నాడు. కాయ ఎండి తరుగు పోయిందని రైతుకి తను చెప్పుకుంటానన్నాడు. కుదరదని నేనన్నా. నువ్వేమన్నావ్? చూద్దాం సార్ అన్నావ్."

"అన్నాను. అనకపోతే ఆ రోజే మన ఇద్దర్నీ పంపించేసేవాడు."

"పంపిస్తే పోయేవాళ్ళం. మా షబ్బీర్ మామ వినుకొండ దగ్గర కౌలుకి మిరప వేశాడు. పండిందంతా తెచ్చి అక్కడే పెడతాడు. నేను రాసిన చీటీ చేతికిచ్చి టిక్కీకి రెండు కిలోలు లాగేస్తుంటే, ఆ మనిషి మొహం నేనెట్లా చూసేది?"

"అందుకని?"

"మెయిల్ వచ్చింది. రెండుసార్లు. మిషను ఉంచాలా, తీసెయ్యాలా అనడిగారు."

"నువ్వు చూసుకోలేదు. అంతేగా?"

"చూశా. తీసెయ్యమని నొక్కింది నేనే."

చెప్పేశాక మనసు తేలికపడుతుందని ఇషాక్ అనుకున్నాడు. పడలేదు. ఎదుటివాడు తిడతాడని చూశాడు.

"ఏదో ఒకటి అనరా శివా. నాన్న ఆస్పత్రిలో ఉంటే వెనక నుంచి ఈ పని చేశానని అను. పడతా. కానీ నువ్వు మళ్ళీ రాస్తే మళ్ళీ తీసేస్తా."

"తెరిచావా?"

"ఏది?"

"ఆ ఫైలు. తెరిచి చదివావా?"

"పేరు చూస్తే చాలదా?"

"చదివావా, లేదా?"

"లేదు. చదవబుద్ధి కాలా. నువ్వు అలాంటిది రాశావంటేనే..."

"ఉమ్మడి చోట ఎందుకు పెట్టలేదో అదన్నా ఆలోచించాల్సింది. అక్కడ పెట్టిందల్లా ఓనరు బావమరిది రోజూ తెరిచి చూస్తాడు. ఓనరు అడిగిందే రాసుంటే వాళ్ళకి దాచాల్సిన పనేముంది నాకు?"

"వాళ్ళకి దాచావు సరే. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే మీ మామకి చెబుతావు. ఆయన పదిమందికి చెబుతాడు. సోమవారం దాకా ఎవరికీ తెలియకూడదనుకున్నా. మొదలయ్యాక వాళ్ళు ఆపలేరు."

"ఏం రాశావురా అందులో?"

"టిక్కీ కాటా మీద పెట్టగానే ఆ తూకం నేరుగా రైతు ఫోన్‌కి పోయేట్టు రాశా. లోపలికి పోయేటప్పుడొకటి, బయటికొచ్చేటప్పుడొకటి, తరుగు పేరుతో కోస్తే రైతుకి ఇట్టే తెలిసేట్టు, ఓనరు కూడా మార్చటానికి వీల్లేకుండా."