డాబా మీది మూడు నూర్ల అద్దం ముక్కలు

(1968 ఏప్రిల్‌లో, యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగం హాలులో జరిగిన వీడ్కోలు సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్ష స్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ సుబ్బరాయుడు గారికి, ఇప్పటిదాకా నా గురించి మాట్లాడి నన్ను నేనే గుర్తుపట్టలేకుండా చేసిన విభాగాధిపతి మల్లికార్జునకు, కెమిస్ట్రీ నుంచీ ఇంజనీరింగు నుంచీ ఈ మిట్టమధ్యాహ్నం నడిచొచ్చిన మిత్రులకు, విద్యార్థులకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా వెనక గోడ దగ్గర నిలబడిన వర్క్‌షాపు సిబ్బందికి, రెండో వరుసలో కూర్చుని 'త్వరగా ముగించండి' అని కళ్లతోనే చెబుతున్న మా ఇంటావిడ అన్నపూర్ణకు నా నమస్కారాలు. (నవ్వులు)

మల్లికార్జున నా శిష్యుడు కనుక, అధిపతి అయినా సరే, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోడు. నాయనా, నువ్వు ఇందాక నన్ను 'సూర్యుణ్ణి వంటింట్లోకి తెచ్చిన మహానుభావుడు' అన్నావు. ఏ వంటింట్లోకి? మా తార్నాక ఇంట్లోకే రాలేదు. నా సూర్యపొయ్యిని పెరట్లో పెట్టి మా ఆవిడ చేత కందిపప్పు వండించాలని ఊరందరినీ పిలిచిన రోజున, పప్పు సగం ఉడికేసరికి ఎక్కడినుంచో ఒక మబ్బు వచ్చి నిలబడింది, వచ్చినవాళ్లందరూ తలెత్తి ఆ మబ్బునే చూస్తూ గంటసేపు కూర్చున్నారు, చివరికి మా ఆవిడ ఆ గిన్నె లోపలికి పట్టుకెళ్లి కిరసనాయిలు స్టవ్ మీద ఉడికించి అందరికీ వడ్డించింది. ఆ పప్పు బాగుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. (నవ్వులు) ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు పెద్దలు. నేను ఇంట ఓడి, తిన్నగా రోముకు వెళ్లాను.

నవ్వించడం అయింది. ఇక నేను చెప్పవలసింది చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి.

నేను అనంతపురం జిల్లా వాణ్ణి. మా అమ్మ ఈశ్వరమ్మ కంపకట్టెలతో వండేది. వానాకాలంలో అవి మండేవి కావు, పొగ ఇల్లంతా కమ్ముకునేది, ఆ పొగలో ఊదుగొట్టం పట్టుకుని ఊది ఊది ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉండేవి. చిన్నప్పుడు మా అమ్మ రోజూ ఏడుస్తుందనుకునేవాణ్ణి. మా ఊళ్లో ఎండకు మాత్రం కరువు లేదు. అంత ఎండ ఊరికే పోతుంటే మా అమ్మ పొగలో ఎందుకుండాలి అన్నదే నా చదువు మొత్తం. అందులో పెద్ద తెలివేమీ లేదు, ఒక కొడుకు ఉక్రోషం ఉంది అంతే.

యాభై ఏడులో మన భవనం డాబా మీద పని మొదలుపెట్టాను. అల్యూమినియం రేకులు కావాలని రాస్తే లేవన్నారు. అప్పుడు వర్క్‌షాపులో కొత్తగా చేరిన మెకానిక్కు బిక్షపతి, బౌద్ధనగర్ మనిషి, నా దగ్గరకొచ్చి, 'సారూ, నేను ఇంతకుముందు సికింద్రాబాద్‌ల ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంల చేసిన. గాడ కోసినంక మిగిలిన అద్దం ముక్కలు పారేస్తరు. గవి తెస్త, ఏం జేస్తరో జెయ్యున్రి' అన్నాడు. గోనెసంచిలో మోసుకొచ్చాడు. పెద్ద బాణలి లాంటి ఒక రేకుగిన్నె చేసి, దాని లోపల మూడు వందల పన్నెండు ముక్కలు లప్పంతో అతికించాం. అన్ని ముక్కల మీది ఎండా ఒక్కచోట, వంటగిన్నె అడుగున పడాలి. శేరు నీళ్లు ఇరవై రెండు నిమిషాల్లో మరిగాయి. ఆ రోజు మేమిద్దరం ఆ నీళ్లతో టీ పెట్టుకుని తాగాం. చక్కెర మరిచిపోయాం. అంత మంచి టీ నేను మళ్లీ తాగలేదు.

అరవై ఒకటిలో రోములో ఐక్యరాజ్యసమితి వాళ్లు సభ పెట్టారు. ఎండ, గాలి, భూమిలోని వేడి, వీటితో శక్తి పుట్టించడం మీద. నన్నూ రమ్మన్నారు. జపాను రైతుల ఇళ్లమీద ఎండతో నీళ్లు కాచుకునే తొట్లు ఉన్నాయని, ఇజ్రాయేలులో ఇళ్లమీద అలాంటివే ఉన్నాయని, ఫ్రాన్సులో పెద్ద అద్దాలతో ఇనుమునే కరిగిస్తున్నారని అక్కడ విన్నాను. లోకమంతా సూర్యుడివైపు తిరిగిందనుకుని పొంగిపోయాను. ఏమీ తిరగలేదు. సభ అయ్యాక ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లి చమురే మండించారు. చమురు అంత చవకగా దొరుకుతుంటే సూర్యుడి మాట ఎవరికి కావాలి? మన దేశంలో ఆనకట్టలు వచ్చాయి, బొగ్గు ఉంది, రేపో మాపో అణువిద్యుత్తు వస్తుందంటున్నారు. వాటిని నేను కాదనను. కానీ అవన్నీ వచ్చాక కూడా మా అమ్మలాంటి వాళ్లు కంపకట్టెలే ఊదుతున్నారు. ఈ మాట నేను పదేళ్లుగా కమిటీల్లో చెబుతూ వచ్చాను. కమిటీలు టీ ఇచ్చి పంపాయి.

మరి నేను మాత్రం ఏం చేశాను? రోము నుంచి వచ్చాక ఘట్‌కేసర్ దాటి ఒక పల్లెకు పది పొయ్యిలు తీసుకెళ్లి పంచాను. అందులో ఒకటి ఉప్పలమ్మ అనే ఆవిడకు. ఆవిడ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. 'సారూ, పగిలిన అద్దంల మొఖం సూస్తెనే కీడంటరు. మీరు గిన్ని ముక్కలు తెచ్చి నా వాకిట్ల వెడితె నా సంసారం ఏం గావాలె?' అంది. నేను నవ్వి, ఆవిడకు అరగంట కాంతి పరావర్తనం గురించి పాఠం చెప్పాను. పాపం, చివరిదాకా నిలబడి విన్నది. సారు పెద్దమనిషి, ఇచ్చింది కాదనకూడదని పుచ్చుకుంది. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే పొయ్యి బోర్లా ఉంది. కింద కోళ్లున్నాయి. (నవ్వులు)

అవును, నేనూ నవ్వాను. తర్వాత కోపం వచ్చి అడిగాను. ఆవిడ నెమ్మదిగా చెప్పింది. 'అద్దాల సంగతి పోనియ్యున్రి సారూ. పొద్దు పొడవక ముందే వండుకోని పోత, పొద్దుమీకినంక వస్త. మీ పొయ్యి మండే యాళ్లకు నేను మడిల ఉంట.'

మా అమ్మా అంతే కదా! చీకటితో లేచి వండేది, దీపం పెట్టాక వండేది. ఆ పొగలో పెరిగినవాణ్ణి, ఆ పొగ పోగొట్టాలనే చదివినవాణ్ణి, ఆ పొయ్యి ఏ వేళ మండేదో మరిచిపోయి మధ్యాహ్నపు పొయ్యి చేశాను. పల్లెటూరి వంట తిని పెరిగి, పట్నంలో కాలేజీకి టిఫిన్ డబ్బా పట్టుకెళ్లడం అలవాటైన నాలాంటివాడే చెయ్యగల తప్పు అది. పగటి ఎండను పొద్దుగూకే దాకా దాచిపెట్టే ఉపాయం కావాలి అని ఆ తల్లి ఒక్క మాటలో చెప్పింది. పరిశోధన అక్కడినుంచి మొదలు కావలసింది. నేనేం చేశాను? రిపోర్టులో 'గ్రామీణుల మూఢనమ్మకాల వలన ఆదరణ లభించలేదు' అని రాశాను. ఆ మాట పైవాళ్లకు చాలా నచ్చింది. ఆ మాటతోనే పథకం మూసేశారు. నేను వేసిన వేటుకే నా చెట్టు పడింది. ఉప్పలమ్మ ఈ సభలో లేదు, ఆవిడకు నా క్షమాపణ చేరే దారీ లేదు. అయినా చెబుతున్నాను. తప్పు నాదమ్మా.

మంచినీళ్లు ఇవ్వండి.

ఇంకొక తప్పుంది. అది చెప్పకుండా వెళ్లిపోవచ్చుననే నిన్నటిదాకా అనుకున్నాను. నిన్న సాయంత్రం మల్లికార్జున వచ్చి, ఈ వేసవిలో డాబా ఖాళీ చేసి నీళ్ల ట్యాంకులు పెడతామని, నా గుర్తుగా ఒక అద్దాల గిన్నెను మెట్ల కింద గాజు బీరువాలో పెట్టి నా పేరుతో ఇత్తడి పలక వేయిస్తామని అన్నాడు. అందుకని చెప్పక తప్పదు.

ఆ అద్దాలను ఎలా సర్దేవారో మీలో చాలామందికి తెలియదు. అన్నిటినీ గోనెపట్టాతో కప్పి, ఒక్క ముక్క తెరిచి, దాని వెలుగు సరిగ్గా వంటగిన్నె అడుగున పడేటట్టు తిప్పాలి. వంటగిన్నె చోట పళ్లెం పెట్టి వెలుగు మరక చూసి సర్దితే వేలెడు తేడా వచ్చేది. బిక్షపతి ఆ వంటగిన్నె ఉండవలసిన చోట తన కన్ను పెట్టి చూసి సర్దేవాడు. గోరంత తేడా కూడా వచ్చేది కాదు. మసి పట్టించిన గాజు ఒకటి నేనే ఇచ్చాను, అది అడ్డం పెట్టుకో అన్నాను. రోముకు వెళ్లే ముందు తొందరలో ఉన్నాం, ఆ గాజు పగిలింది. మర్నాడు నేను డాబా ఎక్కేసరికి అతను గాజు లేకుండానే చూస్తున్నాడు, కుడికన్ను అలిసిపోతే ఎడమకన్నుతో. నేను చూశాను. చూసి, ఏమీ అనకుండా మెట్లు దిగి వచ్చాను. నాకు ఆ వారంలో పొయ్యి కావాలి. ఫొటోలు కావాలి.

నెల తర్వాత అతను అన్నాడు: 'సారూ, సూర్యుడు కండ్లల్లనే కూసున్నడు. కండ్లు మూసినా పోతలేడు.' రెండు రోజులు సెలవు తీసుకో, తగ్గిపోతుంది అన్నాను. తగ్గలేదు. చూపు నడిమధ్యన ఒక నల్లమచ్చ నిలిచిపోయింది, ఏళ్లు గడిచేకొద్దీ అది పెద్దదైంది. రోములో చదివిన వ్యాసం మీద నా పేరు ఒక్కటే ఉంది.

అరవై ఆరులో ఆఫీసు వాళ్లు ఒక కాగితం పంపారు. మెకానిక్కు చూపు తగ్గడానికి కారణం ఏమిటో రాయమని. నిజం రాస్తే విచారణ వస్తుంది, డాబా మూస్తారు. నా ఉద్యోగం ఇంకా రెండేళ్లుంది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే బిక్షపతే అన్నాడు, 'వయసు అని రాయున్రి సారూ. లేకుంటె మన డాబా బందైతది.' రాశాను. 'కారణం వయసు, ఉద్యోగంతో సంబంధం లేదు' అని రాసి సంతకం పెట్టాను. అప్పటికి అతనికి నలభై నాలుగేళ్లు.

వచ్చే నెల అతన్ని డాక్టర్ల బోర్డు ముందుకు పంపుతున్నారు. నా సంతకం ఉన్న ఆ కాగితం చూసి, వర్క్‌షాపు పనికి పనికిరాడని, పైసా పరిహారం లేకుండా ఇంటికి పంపేస్తారు. మా అమ్మ కళ్లలో పొగ తీద్దామని బయల్దేరిన వాణ్ణి, ఇంకొక తల్లి కన్న బిడ్డ కళ్లు తీశాను. ఇత్తడి పలక మీద రాయవలసింది అది.

ప్రిన్సిపాల్ గారూ, ఈ ఉదయం మీ బల్లమీద పెట్టిన కవరును నా పింఛను కాగితాలనుకుని మీరు పక్కన పెట్టారు. అందులో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, నాకు తెలుసు. దానివల్ల నామీద ఏ చర్య వచ్చినా సరే, అతని కాగితం మాత్రం మారాలి. మల్లికార్జునా, డాబా మీద గాజుపలకల కింద ఉప్పునీటిని ఎండకు ఆవిరి చేసి మంచినీరు పట్టే తొట్లు నాలుగు ఉన్నాయి. పదకొండేళ్లలో నేను చేసినవాటిలో నిజంగా పనిచేస్తున్నవి అవే. కెమిస్ట్రీ వాళ్లు ప్రయోగాలకు వాడేది ఆ నీళ్లే, కావాలంటే వాళ్లనే అడుగు. వాటిని నింపడానికి, తుడవడానికి చూపు కన్నా చేతులు ముఖ్యం. ఆ చేతులు నీ దగ్గరున్నాయి. తొట్లు ఉండనివ్వు, మనిషిని ఉండనివ్వు. ట్యాంకులకు ఇంకొక డాబా చూసుకో. ఇప్పుడు జవాబు చెప్పకు. చప్పట్ల మధ్య ఇచ్చిన మాట మర్నాటికి ఉండదు. రేపు పదిగంటలకు ఒక్కడివే డాబా ఎక్కి చూసి, అప్పుడు చెప్పు.

విద్యార్థులారా, కిరసనాయిలు ఎల్లకాలం చవకగా దొరకదు. ఏదో ఒక రోజు మీలో ఒకరు మళ్లీ అద్దాలు పట్టుకుని డాబా ఎక్కుతారు. ఎక్కే ముందు వంట చేసే మనిషిని, మీరు ఏ వేళ వండుతారమ్మా అని అడగండి. ఎక్కాక, పక్కనున్నవాడి కళ్లమీద గాజు ఉందో లేదో చూడండి. నాకు తెలిసిన శాస్త్రం ఇంతే.

ఒక్క మాట చెప్పి దిగుతాను. ఈ మూడు నాలుగేళ్లుగా నేను పలకరించినప్పుడల్లా బిక్షపతి ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడేవాడు. కోపం వచ్చిందనుకున్నాను, రావడం న్యాయమే అనుకుని ఊరుకున్నాను. మొన్న కంటి డాక్టరు గారిని అడిగితే చెప్పారు. నడిమధ్యన చూపు పోయినవాళ్లకు అంచుల్లో మిగులుతుందట. మనిషిని చూడాలంటే పక్కకు చూడాలట.

బిక్షపతీ, నేను కనబడుతున్నానా?

(వెనకనుంచి: 'గొంతు ఇనవడ్తున్నది సారూ. సాలు.')

అతను కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. అంటే నన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్లూ నన్నే చూశాడు.

ఈ సభ ఏర్పాటు చేసినవాళ్లకు, ఎండలో వచ్చి నా తప్పులు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నేను వెనక తలుపు నుంచి వెళతాను, అతను అక్కడున్నాడు. సెలవు.