బరువు క్లచ్చే కావాలట

మళ్ళీ మార్చావా? ఓరి దేవుడో! పోయిన ఆదివారమేగా బావా, ఇదే షెడ్డులో, ఇదే నేల మీద సుద్దముక్కతో నీ కారు ప్లాను గీసి, "ఇదే ఖాయం రా" అన్నావు? ఆ గీతల మీద కాలు పడకుండా వారమంతా గోడవారగా నడిచాను, తెలుసా? కార్లు బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వారు.

లెక్కల మేస్టారివి. తుడిచి మళ్ళీ వేసుకోవడం నీకలవాటే. నేను మెకానిక్కుని. బిగించింది విప్పాలంటే నా నడుం విరుగుతుంది.

సరే, చెప్పు, వింటున్నా. ఇంకా పెద్ద టర్బో. ఊఁ. దాని ఒత్తిడికి తట్టుకునే పిస్టన్లు. ఊఁ. ఇంజిన్ బలం పెరిగితే ఇప్పుడున్న గేరుబాక్సు పళ్ళు రాలిపోతాయి కాబట్టి, ఆరు గేర్ల గట్టి బాక్సు. ఒప్పుకున్నా. అందరూ ముందు ఇంజిన్ పెంచేసి, తర్వాత గేరుబాక్సు పగిలిందని ఏడుస్తూ నా దగ్గరికొస్తారు. నువ్వు ముందే ఆలోచించావు. శెభాష్.

అక్కడితో ఆగొచ్చుగా? ఆ క్లచ్ ఎందుకు మధ్యలో? పందేల కార్లకి వేసేది! తొక్కితే గోడని తోసినట్టుంటుంది. మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నావనుకో, నీ కాలు ఏం కావాలి?

"అలవాటవుతుంది"... అవుతుందా బావా?

చూడు, ఈ జపాన్ కారంటే నీకెంత ప్రాణమో నాకు చెప్పక్కర్లేదు. మా అక్క దాన్ని సవతి అంటుంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే నీకే దెబ్బ తగిలినట్టు మొహం పెడతావు. బడి అయ్యాక దాన్ని ఊరి బయటి రోడ్డు మీద అలా ఒక చుట్టు తిప్పి రావడం తప్ప నీకు ఇంకో సరదా కూడా లేదు. అందుకే ఇన్నాళ్ళూ నువ్వు గీస్తుంటే నేను తలూపుతూ వచ్చాను.

కానీ నిన్న గేరుబాక్సు దించాను. కొలతలు తీసుకుందామని విప్పానంతే. లోపల ఇత్తడి రింగులు అరిగి నున్నగా అయిపోయాయి. గేరు సాఫీగా పడాలంటే ఆ రింగులే పట్టు ఇవ్వాలి కదా! క్లచ్ సగమే తొక్కి గేరు లాగేవాళ్ళ బండిలో అలా అరుగుతాయి. డ్రైవింగ్ స్కూలు బళ్ళలో చూశాను. నీ బండిలో చూస్తాననుకోలేదు. గేరు మారిస్తే పక్కవాడికి కూడా తెలియకూడదని నాకు క్లాసు పీకిన మనిషివి నువ్వు!

ముందు క్లచ్ ఆయిల్ చూశాను. బాగానే ఉంది. పెడల్ చూశాను. అదీ బాగానే ఉంది. ఇక నిన్ను చూడ్డం మొదలుపెట్టాను.

ఉండు, నన్ను చెప్పనీ. గుమ్మం మెట్లెక్కుతూ కుడికాలు వేసి, ఎడమకాలు దాని పక్కకి లాక్కుంటున్నావు. ఇందాక ఆ స్టూలు మీంచి లేవడానికి బెంచీ పట్టుకున్నావు. బళ్ళో కూడా కుర్చీలో కూర్చునే పాఠం చెప్తున్నావటగా? మీ బావకి బద్ధకం ఎక్కువైందిరా అని అక్క నవ్వింది, పాపం. నాకు నవ్వు రాలేదు.

ఆ పందేల క్లచ్ ఎందుకో అప్పుడర్థమైంది. రేపు నీ కాలు మొరాయిస్తే, "అంత బరువు క్లచ్ ఎవడు తొక్కగలడు?" అనేస్తావు. అక్కా నమ్ముతుంది, మీ బళ్ళోవాళ్ళూ నమ్ముతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు. నువ్వు ఇంకో ఆకు ఎక్కువే చదివావు. ఆటకి ముందే ఓటి మద్దెల కొనిపెట్టుకుంటున్నావు!

కోపం వచ్చిందా? రానీ. నాది తప్పయితే చూపించు. అదిగో, నర్సమ్మగారి చిన్న కారు. ఈ షెడ్డులో దానికంటే మెత్తటి క్లచ్ లేదు. ఎక్కి కూర్చో. అడుగుదాకా తొక్కి, నేను చాలనేదాకా పట్టుకో. పట్టుకున్నావా, నీ టర్బో, నీ పిస్టన్లు, నీ దిక్కుమాలిన క్లచ్, అన్నీ రేపే తెప్పిస్తా. నేను మారు మాట్లాడను.

తొక్కు.

ఊఁ... ఇంకా. ఇంకొంచెం కిందికి. ఏంటి బావా, ఆ చెయ్యి? మోకాలిని చేత్తో నొక్కుతున్నావెందుకు? చెయ్యి తియ్యి.

తియ్యి బావా.

...సరే. సరేలే, వదిలెయ్. దిగకు, కాసేపు అలాగే కూర్చో. చెమటలు పట్టేశాయి. ఇదిగో, నీళ్ళు తాగు.

ఎప్పట్నించి? అది డాక్టరుకే చెబుదువుగాని. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. మోకాలో, నరమో, ఇంకేం రోగమో, విప్పి చూస్తేగా తెలిసేది! నాకైతే భయంగానే ఉంది. నీకూ ఉంది, లేకపోతే ఇన్ని ఆదివారాలు ఈ నేలంతా సుద్దతో నింపేవాడివా? కాలు బాగైతే ఆరు గేర్ల బాక్సు నా చేతుల్తో బిగిస్తా. కాకపోతే క్లచ్ తొక్కే పనే లేని బాక్సు వేస్తా. ముసలాళ్ళ బండి అంటావు, తెలుసు. అను.

మరి అక్కకి ఎవరు చెప్తారు? నువ్వా?

సరేలే, నేనే చెప్తా. మొగుణ్ణి వదిలేసి నన్నే తిడుతుంది, తిట్టనీ. ఇంట్లో ఎవడో ఒకడు చెడ్డవాడు కావాలిగా. జేబులో నీ కారు రెండో తాళం ఉంది కదూ? కాలు సంగతి తేలేదాకా అదీ నా దగ్గరే. ఇటివ్వు.