మూడో బ్లాంక్

సభకు అధ్యక్షత వహించిన మన యజమాని మురళీమోహన్ గారికి, ఇవాళ పని విరమిస్తున్న మా శివరామకృష్ణ సారుకి, పక్కనే కూర్చున్న వారి ఇల్లాలు నాగరత్నం అమ్మగారికి, తన రాడ్ తీసుకుపోవడానికి విశాఖ నుంచి వచ్చిన వెంకట సాయి గారికి, షెడ్డులో నాతో పనిచేసే అన్నలకు, చెల్లెళ్ళకు నమస్కారం. నా పేరు భాగ్యమ్మ. మాది ఇంద్రేశం. పదో తరగతి దాకా చదివాను. మన ఈ చేపలు పట్టే రాడ్ల షెడ్డులో రాడ్ మీద రింగులను దారం చుట్టి బిగించే పని పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను. మైకు పట్టుకోవడం ఇదే మొదలు. తడబడితే ఏమీ అనుకోవద్దు.

నా గొంతు చిన్నదని మీ అందరికీ తెలుసు. పొద్దున కూడా ఐలన్న, "అక్కా, నువ్వు మాట్లాడితే పక్కపొంటి ఉన్న చీమకు గూడ ఇనపడదు, మైకు నోట్లనే వెట్టుకో" అన్నాడు. (నవ్వులు.) ఐలన్నా, ముందు నువ్వు ఆ సమోసాల దగ్గర నుంచి ఇవతలికి రా. ("సల్లారుతున్నయ్ అక్కా, జెర జల్దీ కానియ్!" నవ్వులు.)

జల్దీగా అయ్యే మాట కాదన్నా. మూడు వారాలుగా మింగలేక, కక్కలేక ఉన్న మాట.

సారు బందరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, అది వదిలాక మన షెడ్డులో చేరారు. నేను కొత్తగా వచ్చిన వారంలో రెండు బ్లాంకులు నా ముందు పెట్టి ఏది మంచిదో చెప్పమన్నారు. అమ్మగారి కోసం చెబుతున్నాను, బ్లాంక్ అంటే రింగులు, పిడి ఇంకా బిగించని ఒట్టి కార్బన్ గొట్టం. నేను తళతళలాడేదాన్ని చూపించాను. "నిగనిగ చూసి గేదెనే కొనరమ్మా, బ్లాంక్‌ని కొంటారా? వంచి చూడు, చెవిపెట్టి విను" అన్నారు. మొదలును స్టాండులో బిగించి, కొసకు తాడు కట్టి, స్ప్రింగు కాటాతో ఎనిమిది కిలోల దాకా లాగుతాం. లోపల పోగు తెగితే టిక్కుమంటుంది, గోరు మీద గోరు మీటినంత చప్పుడు. అలా చప్పుడైన బ్లాంక్ ఎంత ఖరీదుదైనా, ఎవరు అడ్డొచ్చినా, సారు అప్పటికప్పుడే రెండు ముక్కలు చేయిస్తారు. ఉంచితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరికి అంటగడతామని ఆయన భయం.

వెంకట సాయి గారు పడవలో మనుషులను ట్యూనా వేటకు తీసుకెళ్తారు. ట్యూనా అంటే సూర చేప. "అక్కా, ముప్పై కిలోల చేప నిట్టనిలువునా కిందికి లాగేత్తది. కొస మెత్తగుంటేనే ఎర దూరం పడద్ది, మొదలు గట్టిగుంటేనే చేప పైకొత్తది. రెండూ ఒకే కర్రలో కావాలి" అని ఆయన చెప్పారు. పాత రాడ్ పెళ్ళున విరిగి కార్బన్ పేడు దిగిన మణికట్టు చూపించారు. ఇంకొక అంగుళం అయితే నరం తెగేదట.

ఆయన కోసం ఏడు బ్లాంకులు తీశాం. మొదటిది మరీ బిర్రు, రెండోది బరువు. మూడోది చేతిలోకి తీసుకోగానే సారు ముఖం విప్పారింది. ఎనిమిదడుగుల కర్ర, చేతిలో ఉన్నట్టే లేదు. వంచితే కొస నుంచి మొదలు దాకా బరువు మెట్టు మెట్టుగా దిగుతోంది. రోజూ తాడు లాగేది నేను. ఆ రోజు వెంకట సాయి గారు ముచ్చటపడి తానే లాగుతానన్నారు కాబట్టి నేను వెళ్ళి సారుకు కుడిపక్కన, బ్లాంక్ మొదలు దగ్గర నిలబడ్డాను. బ్లాంకులను కాల్చి గట్టిపరిచే ఓవెన్ ఫ్యాను తిరుగుతోంది. యజమాని గారు కాస్త దూరంగా ఫోనులో ఉన్నారు. కాటా ఏడు దాటింది.

టిక్కుమంది. ఒక్కసారే.

"సారూ, టిక్కుమన్నది" అన్నాను. సారు నా వైపు తిరగలేదు. "ఇదేనండీ మీ రాడ్" అని వెంకట సాయి గారి చెయ్యి పట్టుకుని ఊపి, తెల్ల పెన్నుతో మొదలు మీద సంతకం పెట్టేశారు.



గట్టిగా ఎందుకు అనలేదని అడుగుతారు. ఒక కారణం ఉంది. అది నాది కాదు, అందుకే చెప్పను. గట్టిగా అనకపోవడం మాత్రం నా తప్పే.

ఆ తర్వాత ఆ బ్లాంక్‌కే పన్నెండు రోజులు నా చేత్తో దారం చుట్టాను. అన్నం వేళ ఎవరూ లేనప్పుడు ఒక్కదాన్నే లాగి చూశాను. చప్పుడు రాలేదు. పైన పూసిన రంగు చిట్లిందేమో, ఫ్యానులో ఏదో తగిలిందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శనివారం హనుమంతుడికి ఆకుపూజ చేయించి, ఈ రాడ్ పట్టే చేతికి ఏమీ కావద్దని మొక్కాను. ఇవాళ ఇక్కడ కూర్చుని, సారు చేతుల మీదుగా దాన్ని వెంకట సాయి గారికి ఇస్తారని విన్నాక తెలిసింది. ఇన్నాళ్ళూ నేను దేవుడికి చెప్పాను, చెప్పవలసిన మనిషికి చెప్పలేదు.

(అధ్యక్షులు: "భాగ్యమ్మా, ఇది ఇప్పుడు మాట్లాడే సందర్భమా? తర్వాత నా రూముకు రా.")

మన్నించండి యజమాని గారూ. తర్వాత అంటే రాడ్ రైలెక్కుతుంది. వెంకట సాయి గారూ, దాన్ని తీసుకుపోవద్దు. మీకు దండం పెడతాను.

(వెంకట సాయి: "పద్నాలుగో తారీఖు వేటకొచ్చే పార్టీ ఉందక్కా, డబ్బులు కూడా కట్టేశారు. ఉత్త చేతుల్తో ఎల్లమంటావా?")

ఉత్త చేతులతోనే వెళ్ళండి తమ్ముడూ. చేతులుంటాయి.

(శివరామకృష్ణ గారు లేచి మెడలోని దండ తీసి బల్ల మీద పెట్టారు. మైకు దగ్గరకు వచ్చారు: "ఆవిడ చెప్పని కారణం నేను చెబుతాను. రెండేళ్ళయింది నా కుడిచెవి వినపడక. ఈవిడ కనిపెట్టింది. చప్పుడైతే తాడు లాగుతూనే నా కళ్ళల్లోకి చూసి తల అడ్డంగా ఊపేది, నేను తీసేసేవాణ్ణి. ఆ రోజు పక్కన నిలబడటంతో ఈవిడ ముఖం నాకు కనపడలేదు. అరిస్తే నా పరువు పోతుందని అరవలేదు. అయినా భాగ్యమ్మా, నా పరువు కోసం అతని చెయ్యి పణంగా పెడతావా తల్లీ?" నాగరత్నం గారు కళ్ళు ఒత్తుకున్నారు.)

తప్పే సారూ. అందుకే లేచాను.

(శివరామకృష్ణ గారు: "ఐలన్నా, రంపం పట్రా." అధ్యక్షులు: "ఒక్కసారి మళ్ళీ లాగి చూద్దాం సార్, రింగులన్నీ బిగించిన రాడ్ అది." శివరామకృష్ణ గారు: "భాగ్యమ్మ విన్నది. చాలు." ఐలన్న రాడ్ పట్టుకోగా తన సంతకానికి జానెడు పైన ఆయనే కోశారు.)

సారు గురించి చాలా మాటలు రాసుకుని వచ్చాను. ఆ కాగితం ఇక చదవను, మీరంతా ఇప్పుడు చూశారు కదా. (చప్పట్లు.)

వెంకట సాయి గారూ, నాలుగో బ్లాంక్ నుంచి ఏడోదాని దాకా ర్యాకులో అలాగే ఉన్నాయి. షిఫ్టు ఆరింటికి దిగుతుంది, ఇప్పుడు అయిదు కావస్తోంది. అప్పటి దాకా శివరామకృష్ణ సారు మన షెడ్డు మనిషే. పద్నాలుగో తేదీకి రాడ్ అందదు, ఆ నష్టం నా మౌనం వల్లనే వచ్చింది, క్షమించమని అడుగుతున్నాను. దారం మాత్రం నేనే చుడతాను.

సారు అప్పుడే మెట్లు దిగి షెడ్డు వైపు పోతున్నారు. మాట్లాడనిచ్చిన యజమాని గారికి, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నేను వెళ్ళి తాడు పట్టుకోవాలి. సెలవు.