ఆ యేడు ఎడమకాలు

చూస్తే చూసుకో తల్లీ, ఇదిగో ఎడమకాలు. చల్లగా ఉందా? ఉండదూ మరి, పొద్దస్తమానం గచ్చు మీద తిరుగుతాను. నొప్పా? నొప్పేం లేదు. ఆ పెన్నులాంటిది ఏంటో నాకు తెలుసులే నయేలీ, కాలి మీద ఆనిస్తే లోపల నెత్తురు నడిచే చప్పుడు వినిపిస్తుంది. నీకు నర్సు చదువులో ఇప్పుడు నేర్పుతున్నారేమో, నేను ముప్పై ఏళ్ళ కిందటే చూశాను, మా చెల్లెలు దొమితీలా చేతిలో. నువ్వు పుట్టకముందే పోయింది పాపం. దాని పేరెత్తితే ఈ ఊళ్ళో ఇప్పటికీ శిలువ గుర్తు వేసుకుంటారు. "దొమితీలమ్మ చెయ్యి తగిలితే చాలు" అంటారు. తగలకేం, ఊరందరి కాళ్ళకీ తగిలింది. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆసుపత్రిలో షుగరు వాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఐదుగురిని కని పెంచాను, జపమాల తిప్పని రోజు లేదు, నా గురించి ఎవరన్నా ఒక్క ముక్క అంటారేమో అడుగు. చెడ్డగా చెబుతున్నాననుకోకు. అది మంచిదే. అదే కదా నా బాధ.

మీ తాత అన్సెల్మో ఉన్నారే, మా పెళ్ళికి ముందు ఆదివారాలు చౌకులో జంటగా దాన్సోన్ నాట్యం ఆడింది దానితోనే. నన్నే చేసుకున్నారనుకో. చేసుకున్నాక ఒకసారి నవ్వుతూ అన్నారు, "దొమీకి తాళం తెలుసు, నీకు అడుగులు లెక్కపెట్టడం తెలుసు" అని. ఆయన అని మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. సరే, ఏదో చెబుతున్నాను... ఆఁ, పవిత్ర గురువారం. చర్చిలో పన్నెండుమంది మగవాళ్ళని అపొస్తలుల్లా కూర్చోబెట్టి ఫాదరుగారు కాళ్ళు కడుగుతారు కదా, ఒక్క కుడికాలే. పద్దెనిమిదేళ్ళు మీ తాతే పేతురు. మురికి కాలుతో పంపితే ఇల్లాలికి పరువుతక్కువ గనక, బుధవారం నాడే ఇంట్లో మేం కడిగి, గోళ్ళు తీసి, పౌడరద్ది పెట్టేవాళ్ళం. కడిగిన కాళ్ళనే ఫాదరుగారు మళ్ళీ కడిగేవారన్నమాట, నవ్వకు. ఆ యేడు బుధవారం కడుగుతుంటే కుడి బొటనవేలి పక్కన నల్లటి మచ్చ, మాత్రబిళ్ళంత, మెత్తగా. నొక్కితే ఆయనకి తెలియనే లేదు. నాకు ముందు ఏం తోచిందో చెప్పనా? దేవుడి దగ్గర మూడుసార్లు చెప్పుకున్నాను, నీకు చెబితే ఏం. "అయ్యో కాలు" అని తోచలేదు. "దొమీకి తెలిస్తే ఈ కాలు పట్టుకుని కూర్చుంటుంది" అని తోచింది. అందుకని, "గోరు సరిగ్గా కుదర్లేదు, ఈసారికి ఎడమది పెట్టండి" అన్నాను. పెట్టారు. ఫాదరుగారు గమనించలేదు. ఊరు గమనించలేదు. ఆరో వరసలో మోకాళ్ళ మీదున్న మా చెల్లెలు గమనించింది.

శుక్రవారం తెల్లవారేసరికి గుమ్మంలో ఉంది. "అక్కా, బావ కుడికాలికి ఏమైంది?" "ఏమవుతుంది, ఉన్నచోటే ఉంది" అన్నాను. ఆయన అప్పటికే బూటు విప్పేశారు! "రా మరదలా, మీ అక్క నన్ను దాచిపెట్టింది" అని పరాచికం ఒకటి. దొమీ చీలమండకి పట్టీ చుట్టి, పెన్ను ఆనించి చూస్తే నెత్తురు పోటు రెండువందల ఇరవై దాటింది. నాకెంత గర్వమో! "చూశావా, పాతికేళ్ళ కుర్రాడి నెత్తురు" అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. "ఆ అంకె అబద్ధం అక్కా. షుగరుకి నాళం సున్నం కట్టిన గొట్టంలా అయిపోయింది, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు, అందుకే అంత పెద్ద అంకె. వేలి నాళం ఇంకా మెత్తగా ఉంటుంది, నిజం అది చెబుతుంది." అని ఉంగరమంత పట్టీ తీసి ఆయన వేలికి తొడిగింది. ఉంగరమంతది, నా కళ్ళెదుటే! తర్వాత వంగి, కళ్ళు మూసుకుని, దివ్యప్రసాదం తీసుకున్నంత శ్రద్ధగా ఆయన పాదంలో చప్పుడు వెతికింది. అంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టి దాని నడినెత్తి చూస్తున్నారు. నేను గిన్నె కింద పడేశాను. చెయ్యి జారిందిలే. అయినా ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు. చప్పుడు దొరికింది, మొహం వెలిగింది. అంకె చూసింది, ఆరిపోయింది. ఇరవై ఎనిమిది.

మర్నాడు డాక్టరు "సోమవారం వేలు తీసేద్దాం" అన్నాడు. మా చెల్లెలు అడ్డం పడింది. "నెత్తురు రాని చోట కోస్తే ఆ కోత మానదు. వేలు తర్వాత పాదం, పాదం తర్వాత మోకాలు. ముందు వెరాక్రూస్‌లో నాళం తెరిపించాలి, ఆ తర్వాతే కత్తి." నేను డాక్టరు వైపు మాట్లాడాను తల్లీ. వెరాక్రూస్ ఆసుపత్రిలో రోగితో ఒక్కరినే ఉండనిస్తారు, ఆ ఒక్కరూ అన్నీ తెలిసిన అదే అవుతుంది. "వేలే కదా, తీసేయండి" అన్నాను. మోకాలిదాకా పోతుందని విన్నాక కూడా. మీ తాత నా వైపు చూడనైనా చూడకుండా "దొమీ ఎలా అంటే అలా" అన్నారు. ఇంకొకతె అయితే అక్కడితో గెలిచాననుకునేది. ఇది పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు విను అక్కా." ఎడమకాల్లో రేవులో బట్టలు ఉతుకుతున్నట్టు ధబ్ ధబ్‌మంది. కుడికాల్లో తలుపు వెనక ఎవరో నిట్టూర్చినట్టు, అంతే. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన లోపలి చప్పుడు వినడం అదే మొదలు. అదైనా దొమీ వినిపిస్తేనే కదా. వెళ్ళి సంచీ సర్దాను. ఆయన బట్టలతో పాటు దాని బట్టలూ నేనే మడిచిపెట్టాను.

పదకొండు రోజులున్నారు ఇద్దరూ. నాళం తెరిచారు, తర్వాత వేలొక్కటే తీశారు, మానింది, కాలు నిలిచింది. ఆ డిసెంబరు పండక్కి చౌకులో తొమ్మిది వేళ్ళతో మొదటి దాన్సోన్ ఎవరితో ఆడారనుకున్నావు? నేనే ఆడమన్నానులే, ఊరంతా చూస్తుంటే ఏమంటాను. బల్ల మీద కూర్చుని అడుగులు లెక్కపెట్టాను. ఒక్కటీ తప్పలేదు.

ఏంటీ? కుడికాలా? కుడిదెందుకు, ఎడమది చూశావుగా, అదీ ఇలాగే ఉంటుంది. కాఫీ తాగుతావా? అలా చూడకు నన్ను. ఐదుగురిని నేను కంటే, మనవరాలికి దాని కళ్ళు రావాలా... సరే, ముక్కాలిపీట ఇలా లాక్కో. సాక్సు మెల్లగా లాగు తల్లీ. కాస్త అతుక్కుంది.