మా బజారు చెయ్యెత్తకముందే

"మామ్మా, రూతమ్మవ్వ ఇంకా అదే మాట అంటంది. నువ్వు తప్పుకుని ఉంటే తనే గెలిచేదంట."

అంటది, అంటది. ఎందుకనదు? ఇప్పటికీ చర్చిలో నా పక్కన కూచోదు. మీ తాతకి సొంత అక్క, నాకు వదిన, అయినా సరే. నిన్న కూడా వాకిట్లోకొచ్చి మొదలెట్టింది, "నీ మూలానే ఓడిపోయా" అని. "నీ నోటి మూలాన ఓడిపోయావు వదినా, నా మూలాన కాదు" అన్నా. చెంగు దులుపుకుని పోయింది. పోనీ.

ఏందది ఫోన్లో? అమెరికానా? ప్రెసిడెంటుకి ఎవర్ని నిలబెట్టాలో పార్టీలోనే ఓట్లా? ఆ టై కట్టుకున్న టీవీ ఆయన ఏమంటన్నాడు? వెనకబడ్డోళ్ళు తప్పుకోవాలంటన్నాడా? ఇంకా ఓట్లేయాల్సిన రాష్ట్రాలున్నయ్యా? ఇంకా అన్ని ఉన్నయ్యా! మరి ఇప్పుడే ఎందుకు పొమ్మంటన్నాడు, ఆయన సొమ్మేం పోయింది? ఆ వెనకబడ్డాయన ఏమన్నాడో చూడు. కనపళ్ళేదా? సరే ఆగు, అచ్చం ఇట్టాగే జరిగింది నాకు.

సర్పంచిని మా ఊళ్ళో ప్రెసిడెంటనే అంటాం కదా. ఆ ఏడు సీటు ఆడోళ్ళకొచ్చింది. మా పార్టీలో ముగ్గురం లేచాం. సుబ్బరత్తమ్మ గారు, అంటే మిరగాయల కల్లం వెంకయ్య గారి భార్య. మా వదిన. నేను. పెద్దోళ్ళు కూచుని, ముగ్గుర్లో ఎవర్ని నిలబెట్టాలో బజారు బజారుకీ పోయి చేతులెత్తించి తేలుద్దాం అన్నారు. ముందు పెద్ద బజారు, తర్వాత రామాలయం బజారు, ఆఖర్న మా చర్చి బజారు. మాదెందుకు ఆఖరంటే, కాయ కల్లాల మీదున్న రోజులు. ఆడోళ్ళం చీకటితో ఆటో ఎక్కితే పొద్దుగూకినాక దిగేది. ఆదివారం ప్రార్థన అయినాకే మేం దొరికేది.

నేనెందుకు లేచానా? ప్రెసిడెంటునై ఏం చేస్తా, సంతకం పెట్టడానికే అరపూట పడుద్ది నాకు. తొడిమల కోసం లేచా. వెంకయ్య గారి కల్లంలో రోజంతా కూచుని కాయకి తొడిమ తీస్తే కిలోకి ఆరు రూపాయలు. చేతులు మండిపోయి అన్నం కలుపుకోలేం, చెంచాతో తినేవాళ్ళం. మా అత్త రోజుల్లో అయితే కిలోకి పావలా... కాదు కాదు, అప్పుడు తొడిమతోనే అమ్మేవాళ్ళు, ఈ పనే లేదు. పావలాకి టీ వచ్చేది, అదీ నేననేది. ఆ, ఏం చెప్తన్నా? పది ఇవ్వండయ్యా అంటే కల్లంలో నోరెత్తనివ్వరు. నిలబడితే మైకిస్తారు కదా, అందుకని. మా వదిన అడగదు, దాని కొడుకు తోలేది వెంకయ్య గారి ట్రాక్టరే. మీ తాత ఉంటే నన్ను లేవనిచ్చేవాడు కాదు. అప్పటికే పోయాడు.

పెద్ద బజారులో సుబ్బరత్తమ్మ గారికి బోలెడు చేతులు. మా వదినకి కొన్ని. నాకు పాల నాగమ్మ ఒక్కతే ఎత్తింది, అదీ భుజం దాకానే. రామాలయం బజారులో ఇంకాస్త నయం, అంతే.

ఇంక యూట్యూబు ఛానెలాయన తగులుకున్నాడు. మీసాలు, బుల్లెట్ బండి. రోజూ కల్లానికే వచ్చి మూతి దగ్గర మైకు పెట్టేవాడు.

"మరియమ్మ గారూ, మూడో ప్లేసులో ఉన్నారు. ఎప్పుడు తప్పుకుంటున్నారు?"

"మా బజారు ఇంకా చెయ్యెత్తలేదు కదయ్యా."

"ఎత్తినా గెలవరండీ. మీరు తప్పుకుంటే మీ వదిన గారికి ఛాన్సు."

పొద్దుగూకేసరికి ఫోన్లల్లో నా ఫొటో, దాని మీద ఎర్ర గీత. 'తప్పుకునే ఆలోచనలో మరియమ్మ?' అని రాశాడంట, చదివి చెప్పారు. ఇంక చూస్కో, కిరాణా కొట్టాయన "అయ్యో, ఏం చేస్తాం లేమ్మా" అంటాడు, పాస్టరు గారు "దిగిపోయావంట కదమ్మా" అంటాడు. నా చావుకి నన్నే పలకరిస్తన్నట్టు ఉంది.

ఒకరోజు తెలుసుకుందామనే అడిగా, కోపంగా కాదు. "నీకేందయ్యా ఇంత తొందర?" మైకు పక్కన పెట్టి చెప్పాడు, "ముగ్గురుంటే ఎవరూ చూడరండీ. ఇద్దరుంటే ఫైటింగు." అంతేనా అన్నా. అంతేనండీ అన్నాడు. అంత నిజం చెప్పేసరికి కూచోమని కాసిని మంచినీళ్ళిచ్చా. ఆ టై ఆయన్నడిగినా ఇదే చెప్తాడంటావా? ఏమో, అడిగే దారుంటే బాగుండు.

శనివారం వెంకయ్య గారొచ్చాడు. "పరువు పోగొట్టుకోమాక మరియమ్మా, దిగిపో" అన్నాడు. "రేపు మైకులో రేటు మాట్లాడందే దిగనండీ" అన్నా. నవ్వాడు. మా వదిన కూడా వచ్చింది, "నీ కాళ్ళు పట్టుకుంటా దిగవే" అని. పట్టుకోలేదులే, మాటకన్నది.

ఆదివారం ప్రార్థన అయింది, మైకిచ్చారు. "నేను గెలవనని రోజూ చెప్తన్నారు. గెలవకపోతే పోనీ. తొడిమ తీతకి కిలోకి పది రూపాయలు కావాలనుకునేవాళ్ళు మాత్రం ఇప్పుడు చెయ్యెత్తండి" అన్నా. ఎత్తారమ్మా, కాయ పట్టిన ఎర్ర చేతులు! సుబ్బరత్తమ్మ గారికి ఒక్క చెయ్యి లేవలా. మా వదిన సొంత కోడలే నాకెత్తింది. వదిన అసలు కోపం అదీ, నీకు చెప్పి ఉండదు. ఛానెలాయన మాత్రం రాలా, ఏదో పెళ్ళి వీడియో ఉందంట.

అన్ని బజార్లూ కలిపితే సుబ్బరత్తమ్మ గారిదే పైచెయ్యి. నేను రెండో ప్లేసు, మా వదిన మూడు. సుబ్బరత్తమ్మ గార్నే నిలబెట్టారు. కానీ అసలు ఎలక్షను ముందుందిగా, అవతలి పార్టీ వాళ్ళతో. మా బజారు లేకుండా ఆమె గెలవదు. వెంకయ్య గారు ఆ చేతుల్ని కళ్ళారా చూశాడు కదా, బండి రోడ్డు మీదే ఆపి నడిచొచ్చాడు మా బజారుకి. మా ఇంట్లో కుర్చీ లేదు, పక్కింటి నుంచి తెచ్చి వేశాం. ఏడు అన్నాడు. పది అన్నాం. "కల్లం మూసుకోమంటారా?" అన్నాడు. "మూసుకోండి, పాడయ్యే కాయ మీదే" అన్నా. టీ తాగాడు, లేచాడు, మళ్ళీ కూచున్నాడు. ఏడుకీ పదికీ మధ్యలో తేలింది.

ఎలక్షన్లో సుబ్బరత్తమ్మ గారు గెలిచింది. గెలిచినాక మాట మారుస్తాడేమో అని మాకు అనుమానమే. ఆ శనివారం కాటా పక్కన నిలబడి ఆయనే తన చేత్తో ఇచ్చాడు, కిలోకి ఎనిమిదిన్నర.